నీలికుఠీ దగ్గర రెండో పిలుపు

నీలికుఠీ మలుపు దగ్గర చీకటిపడ్డాక ఎవరూ ఆగరు. ఆగవలసి వచ్చినా నోరెత్తరు. ఎవరైనా పిలిస్తే మాత్రం... అస్సలు పలకరు.

మా శాలిక్‌డాంగాకు ఉత్తరాన, చూర్ణీ నది వంపు తిరిగే చోట ఉంటుందది. నీలిమందు దొరలు కట్టించిన కుఠీ, అంటే వాళ్ళ కార్ఖానా. పైకప్పు ఎప్పుడో కూలిపోయింది. నీలి ఆకు నానబెట్టిన తొట్లు మాత్రం అలాగే ఉన్నాయి — వరసగా నాలుగు, ఒక్కొక్కటీ మా బడి గదంత. నీలి పంట వేయనన్న రైతుల్ని అక్కడి గోదాములో పెట్టి తాళం వేసేవారట. వాళ్ళు రాత్రంతా ఇంటివాళ్ళను పేరుపేరునా పిలిచేవారట. బయట ఉన్నవాళ్ళకు వినబడేదట గానీ, దొరగారి లాఠీకి భయపడి ఎవరూ పలికేవారు కాదట. బదులు దొరకని ఆ పిలుపులే ఇంకా తిరుగుతున్నాయని మా ఊరి నమ్మకం.

నిశి అంటారు దాన్ని. నీకు బాగా కావలసినవాళ్ళ గొంతుతో పిలుస్తుంది. పలికావా — వెనకాలే నడుచుకుంటూ వెళ్ళిపోతావు. తెల్లారాక ఏ తొట్లోనో, ఏ నీళ్ళలోనో దొరుకుతావు.

అయితే దానికొక హద్దు ఉంది. నిశి రెండుసార్లే పిలవగలదు. మూడోసారి పిలవలేదు.

అందుకే దీపం పెట్టాక మా ఊళ్ళో ఎవరి వాకిట్లో నిలబడి పిలిచినా మూడుసార్లు పిలవాలి. ఉప్పు బదులడగడానికి వచ్చినా సరే. తొందరలో ఉన్నవాళ్ళు మూడు పిలుపులూ ఒక్క గుక్కలో లాగించేస్తారు. కొత్తగా వచ్చిన పోస్టుమాన్ ఒకడు పొద్దుగూకాక వచ్చి, రెండుసార్లు పిలిచి, విసుక్కుని వెళ్ళిపోయేవాడు. అతగాడు ఉన్నన్నాళ్ళూ సగం ఊరికి ఉత్తరాలు అందలేదు.

ఇక నేను చెప్పబోయేది నా కళ్ళతో చూసింది కాదు. మా బడి ఊడ్చే ననీబాల చెప్పింది. ఆమె ఎలా చెప్పిందో అలాగే చెప్తాను.

శనివారం ఆఖరి పీరియడ్‌లో నేను పాఠం చెప్పేదాన్ని కాదు. పిల్లలు ఏదైనా అడగవచ్చు. చంద్రుడు మన వెంటే ఎందుకు వస్తాడు, కుక్క పడుకునే ముందు గుండ్రంగా ఎందుకు తిరుగుతుంది, ఆవలింత ఒకరిని చూసి ఒకరికి ఎందుకు వస్తుంది... తెలిసినవాటికి జవాబు చెప్పేదాన్ని. తెలియనివి నోటుబుక్కులో రాసుకునేదాన్ని.

ఒక శనివారం ననీబాల కూతురు టుని లేచి నిలబడింది. ఏడేళ్ళు ఉంటాయి. టీచర్ని మా ఊరి పిల్లలు దిదిమణి అంటారు.

"దిదిమణీ, నిశికి మూడు రాదా?"

తరగతంతా నవ్వింది. టుని నవ్వలేదు. జవాబు కోసం నా మొహంలోకే చూస్తూ నిలబడింది.

ఆ సాయంత్రం చీపురు పట్టుకుని ననీబాల వచ్చినప్పుడు, పిల్ల ఇలా అడిగిందేమిటని మాటవరసకు అన్నాను. ఆమె చీపురు గోడకు ఆనించి వసారా మెట్టు మీద కూర్చుంది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది.

ననీబాల మొగుడు హారాధన్ ఈత చెట్లు గీస్తాడు. చలికాలం వస్తే ఆ వృత్తివాళ్ళకు నిద్ర ఉండదు. సాయంత్రం చెట్టెక్కి మెడ దగ్గర చెక్కి కుండ కట్టాలి. పొద్దు పొడవకముందే దించాలి. ఎండ తగిలిందంటే రసం పులిసిపోతుంది, బెల్లానికి పనికిరాదు.

ఆ ఏడాది వానలకు నది గట్టు కోసుకుపోయి, హారాధన్ తాతల నాటి నుంచి గీస్తున్న చెట్లు ఏట్లో కలిసిపోయాయి. మిగిలినవి ఎక్కడున్నాయంటే... కుఠీ చుట్టూ. ఇరవై రెండు చెట్లు. ఎవరూ కత్తి పెట్టక ఏళ్ళు గడిచాయి.

వాటిని గీస్తానని అతను అన్న రోజున ఇంట్లో పొయ్యి వెలగలేదు. హారాధన్ తల్లి గుమ్మానికి అడ్డంగా కూర్చుందట. ననీబాల ఏడ్చిందట. అతను మాత్రం కత్తి నూరుకుంటూ నవ్వాడు. నిశి పిలిస్తే దానికీ ఓ కుండ రసం పోస్తానన్నాడు.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. తనకు ఏదైనా అవసరం పడి పిలవవలసి వస్తే హారాధన్ మూడుసార్లు పిలవాలి. అంతకు తక్కువైతే ననీబాల పలకకూడదు.

"రెండుసార్లకే నా గొంతు పోతే?" అన్నాడట వేళాకోళంగా.

"పోదు. నీ గొంతు సంగతి ఊరందరికీ తెలుసు," అంది తల్లి.

కార్తీకం గడిచింది. మార్గశిరం గడిచింది. ఏమీ జరగలేదు. ఆ చెట్ల రసం ఎంత తియ్యగా ఉందంటే, భయంతో తల తిప్పుకున్నవాళ్ళు కూడా గిన్నె పట్టుకుని వచ్చారు. ముందుగా వాసన చూసి, ఆ తర్వాత తాగేవారు.

పుష్యమాసం నడుమ ఒక తెల్లవారుజాము. చేయి చాస్తే వేళ్ళు కనబడనంత మంచు.

హారాధన్ మొదటి కావడి తెచ్చి పెనంలో రసం పోసి, రెండో కావడికి వెళ్ళాడు. ననీబాల పొయ్యి దగ్గర కూర్చుని తెడ్డు తిప్పుతోంది. రసం చిక్కబడి పాకానికి వస్తోంది. ఆ సమయంలో పొయ్యి వదిలి లేచారంటే కష్టమంతా పెనానికి అంటుకుపోతుంది.

వాళ్ళింటికీ కుఠీకీ మధ్య అర మైలు ఉంటుంది. మధ్యలో మడుగు. గాలి లేదు. ఆకు కదలడం లేదు. తెడ్డు చప్పుడొక్కటే...

"టునీ వాళ్ళమ్మా..."

తెడ్డు ఆగింది.

హారాధన్ గొంతు. దూరం నుంచి కాదు — కంచె అవతలి నుంచి. చేయి చాపితే అందేంత దగ్గర.

ననీబాల తల తిప్పి చూసింది. కంచె ఉంది. కంచె మీద ఆరేసిన గోనె ఉంది. మనిషి లేడు.

"పలకకు," అంది అత్త లోపలి నుంచి.

"ఆయన గొంతే, అత్తా."

"అందుకే పలకకు. వాడి గొంతు కాకపోతే నువ్వెందుకు పలుకుతావు?"

వాడు కుఠీ దగ్గరున్నాడు, అర మైలు నుంచి మనిషి గొంతు అలా చెవి పక్కన వినబడుతుందా అని కూడా అడిగింది అత్త. ననీబాల తెడ్డు రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. రెండో పిలుపు రావాలి, తర్వాత మూడోది రావాలి. మూడోది వస్తే లేచి పరుగెత్తవచ్చు. లోపల ఒక్కటే మాట తిరుగుతోంది — పిలువు, ఇంకా పిలువు...

చాలాసేపు ఏమీ లేదు.

తర్వాత వచ్చింది. మొదటిదానిలా గట్టిగా కాదు. సన్నగా, మంచులోంచి ఊపిరి వదిలినట్టు. ఆడగొంతో మగగొంతో చెప్పలేనంత సన్నగా.

"పుంటీ..."

పుంటి అంటే చిటికెన వేలంత చేప. ననీబాల పుట్టినప్పుడు అంతే ఉందని వాళ్ళ నాన్న పెట్టిన ముద్దుపేరు. ఆ పేరుతో పిలిచేవాళ్ళు ముగ్గురే — నాన్న, అమ్మ, మేనత్త. ఆమెకు తొమ్మిదేళ్ళప్పుడు ఒకే వానాకాలంలో కలరాతో ముగ్గురూ పోయారు. మేనమామ ఇంట్లో పెరిగింది. అక్కడ ననీబాల. అత్తవారింట్లో కోడలు. కూతురు పుట్టాక టునీ వాళ్ళమ్మ.

పెళ్ళైన కొత్తలో ఒకే ఒక్క రాత్రి, నీ చిన్నప్పటి పేరేమిటని హారాధన్ అడిగితే చెప్పింది. అతను నవ్వి ఒక్కసారి ఆ పేరుతో పిలిచాడు. అంతే. మళ్ళీ ఎప్పుడూ పిలవలేదు.

"మళ్ళీ పిలిచిందా?" అంది అత్త.

ననీబాల ఆలోచిస్తోంది. ఆ ఆలోచన ఏమిటో ఆమె నాకు వేళ్ళు మడిచి మరీ చెప్పింది, నేను లెక్కలు చెప్పినట్టే.

నన్ను మోసం చేయాలనుకున్నది, రోజూ ఆయన పిలిచేలాగే పిలుస్తుంది కదా దిదీ. ఎవరూ వాడని పేరుతో పిలిచి నాకు అనుమానం ఎందుకు తెప్పిస్తుంది? బతికున్నవాళ్ళలో ఆ పేరు తెలిసింది ఒక్కడికే. ప్రాణం మీదికి వస్తే తప్ప ఆయన నోట ఆ పేరు రాదు.

మూడో పిలుపు రాలేదు.

ననీబాల లేచింది. తెడ్డు పక్కన పెట్టి, పొయ్యిలోంచి మండుతున్న కొరకంచు లాగింది.

"వస్తున్నా," అంది — మంచులోకి, గట్టిగా.

లోపల అత్త గుండెలు బాదుకోవడం వినబడింది. కూర్చోవే, పాపిష్టిదానా, పలికేశావు కదే అని ఏడుస్తోంది. వెనక పాకం మాడుతున్న వాసన. ననీబాల వెనక్కి చూడలేదు. వెనక్కి చూస్తే వెళ్ళలేనని ఆమెకు తెలుసు.

మడుగు గట్టు వెంట నడిచింది. కాళ్ళకింద బురద. కొరకంచు వెలుగు నాలుగడుగులకు మించి పోవడం లేదు. గట్టు పక్కన రెండిళ్ళవాళ్ళు ఆ వెలుగు కదలడం చూసి, కొరివిదెయ్యం పోతోందని తలుపులు బిగించుకున్నారట. పొద్దున ఆ మాట వాళ్ళే చెప్పుకుని సిగ్గుపడ్డారు.

కుఠీ గోడ చేతికి తగిలింది. చెమ్మగా, చల్లగా.

"ఏమయ్యా..."

గొంతు గోడకు తగిలి ఆగిపోయింది.

"ఏమయ్యా, ఎక్కడ?"

ఏమీ లేదు. ఇరవై రెండు చెట్లు. మంచులో అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఒక్కొక్క మొదలు దగ్గరికీ వెళ్ళి కొరకంచు పైకెత్తి చూస్తోంది. ఆరు చెట్లు. ఏడు. కొరకంచు చిన్నదైపోతోంది. ఎనిమిదో చెట్టు దగ్గర నిప్పు ఆరిపోయింది.

చీకటి.

మా వైపు ఆడవాళ్ళు మొగుడి పేరు పలకరు. రేషన్ కార్డు రాసేటప్పుడు కూడా పక్కవాళ్ళ చేత చెప్పిస్తారు. ననీబాల పన్నెండేళ్ళ కాపురంలో ఆ పేరు ఒక్కసారి కూడా పలకలేదు. అదే పేరున్న కొట్టువాడికి ఆమె పెట్టిన పేరు 'ఆయనగారు'. ఊరంతా దాని మీద నవ్వుకునేది.

ఆ చీకట్లో నిలబడి పిలిచింది.

"హారాధన్."

తన గొంతు తనకే కొత్తగా ఉందట.

"హారాధన్... హారాధన్."

టక్.

మట్టికుండ మీద ఇనుము తగిలిన చప్పుడు. కుడివైపున, పైనుంచి.

మళ్ళీ — టక్.

చేతులు చాచుకుని అటు వెళ్ళింది. చెట్టు మొదలుకు బదులు కాలు తగిలింది. గాల్లో వేలాడుతున్న కాలు. వెచ్చగా ఉంది.

జరిగిందేమిటంటే... గీసేవాళ్ళు చెట్టుకు అడ్డంగా ఒక కర్ర కట్టుకుని దాని మీద నిలబడతారు, నడుముకు మోకు వేసుకుంటారు. మంచుకు నానిన ఆ కర్ర విరిగింది. హారాధన్ జారాడు. మోకు నడుం నుంచి చంకల కిందికి ఎగదన్ని, పక్కటెముకల్ని బిగించి పట్టేసింది. ఒక చేయి మోకు లోపల ఇరుక్కుంది. రెండో చేతిలో కత్తి. దాంతో మోకు కోద్దామంటే చేయి అందదు. కుండ ఒక్కటే అందింది.

ఊపిరి లోపలికి పోవడం లేదు. గొంతులో గురగుర మాత్రం వినబడుతోంది.

ననీబాల కింద వెతికితే కావడి బద్ద దొరికింది. దాన్ని చెట్టుకు ఏటవాలుగా నిలబెట్టి, అతని పాదం దాని మీదికి చేర్చి, కింద తన భుజం ఆనించింది. బరువు కొంచెం భుజం మీదికి వచ్చింది. మోకు అంత మేర సడలింది. పైన ఊపిరి ఒకటి లోపలికి పోయిన చప్పుడు విన్నది. తర్వాత ఇంకొకటి.

కదిలితే బద్ద జారుతుంది. బద్ద జారితే మోకు బిగుస్తుంది. అలా నిలబడి అరిచింది. ఊరివైపు తిరిగి మూడుసార్లు అరిచింది. ఎవరూ రాలేదు.

"ఒకటి, రెండు, మూడు. లెక్కపెట్టే పిలిచాను. నేను మనిషినే," అని కూడా అరిచిందట.

చివరికి వచ్చింది నది వైపు నుంచి. రేవులో పడవ నడిపే కాసిం మాఝీ. మా ఊళ్ళో మొదటి పిలుపుకే పలికేవాడు అతనొక్కడే. మూడోసారి దాకా ఆగితే జనం ఈదుకుంటూ పోతారు, నా పడవ ఎవరెక్కుతారు అనేవాడు. పడవలోంచి తాడూ లాంతరూ తెచ్చాడు. చెట్టెక్కి మోకు కోశాడు. ఇద్దరూ కలిసి హారాధన్‌ని దించారు.

"కుండలు కట్టడం చూశాను గానీ, తమ్ముడూ, నిన్ను నువ్వే కట్టుకోవడం ఇదే చూడటం," అన్నాడట కాసిం. హారాధన్‌కు నవ్వడానికి ఊపిరి చాలలేదు. కళ్ళు మాత్రం నవ్వాయి.

మూడు పక్కటెముకలు విరిగాయి. మనిషి దక్కాడు.

ననీబాల ఇంతవరకు చెప్పి ఆగింది. బడి ఆవరణలో చీకటి పడుతోంది. నేను లాంతరు వెలిగించాను. ఆమె భయం పోగొట్టాలనిపించింది. టీచరు బుద్ధి ఎక్కడికి పోతుంది? విడమరచి చెప్పాను.

చలికాలం తెల్లవారుజామున నేలను అంటుకున్న గాలి బాగా చల్లబడుతుంది. దాని మీద వెచ్చటి గాలి పొర ఉంటుంది. మన మాట పైకి పోబోయి, ఆ వెచ్చటి పొరలో వంగి మళ్ళీ కిందికే దిగుతుంది. కింద నీళ్ళుంటే ఇంకా దూరం పోతుంది. పగలైతే అదే మాట ఆకాశంలోకి పోయి ఊరికే పోతుంది. అందుకే దూరపు రైలు కూత తెల్లవారుజామున మన పెరట్లో కూసినట్టుంటుంది. మడుగు అవతల అతను పిలిచాడు, నీకు కంచె దగ్గర వినబడింది. ఇన్నేళ్ళుగా ఆ మలుపు దగ్గర జనం వింటున్న పిలుపులు కూడా అంతే — అవతలి గట్టున ఎవరో ఎవరినో పిలిచినవే. ఎవరైనా రెండుసార్లు పిలిచి పలక్కపోతే ఊరుకుంటారు కదా, మూడోది ఉండకపోవడంలో వింతేముంది అన్నాను. నా జవాబు నాకే బాగా నచ్చింది.

ననీబాల శ్రద్ధగా విన్నది. మంచి విద్యార్థిలా తల ఊపింది.

"అయితే మొదటి పిలుపు అలా వచ్చిందన్నమాట," అంది.

"రెండోదీ అలాగే వచ్చింది," అన్నాను.

ఆమె చీపురు పుల్ల ఒకటి తీసి వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. తర్వాత గొంతు తగ్గించి మిగిలింది చెప్పింది. ఈ ముక్క అత్తకు చెప్పలేదట. టుని మాత్రం దుప్పటి కింద మేలుకుని విన్నట్టుందట.

మొన్న బుధవారం రాత్రి సంగతి. హారాధన్ గోడకు ఆనుకుని కూర్చుని, పాలలో మరమరాలు నానబెట్టుకుని తింటున్నాడు. ఎముకలు అతుక్కుంటున్నాయి, మాట తేలిగ్గా వస్తోంది. అత్త నిద్రపోయింది. ఎన్నాళ్ళ నుంచో మనసులో దాచుకున్న మాట ననీబాల అప్పుడు అడిగింది. అడగడానికి సిగ్గుపడింది కూడా. కొత్త పెళ్ళికూతురిలా అయిపోయాను దిదీ అని నాతో అంది.

రెండోసారి అలా పిలిచావేం అని అడిగింది.

హారాధన్ తల ఎత్తాడు.

"రెండోసారేమిటి? ఒక్కసారే పిలిచాను. టునీ వాళ్ళమ్మా అన్నాను, మోకు బిగుసుకుంది. ఆ తర్వాత ఊపిరెక్కడిది నాకు?"

అమ్మ వింటుందేమోనని బుకాయిస్తున్నాడనుకుంది ననీబాల. నవ్వు దాచుకుంటూ దగ్గరికి జరిగింది.

"చాల్లే. పుంటీ అని పిలవలేదూ?"

హారాధన్ నమలడం ఆపాడు. ఆమె మొహంలోకి చూశాడు. దాచడానికేమీ లేని చూపు, ఏదో గుర్తు తెచ్చుకోవాలని ప్రయత్నిస్తున్న చూపు. తర్వాత మెల్లగా అడిగాడు —

"పుంటీ ఎవరు?"